మాదిగపల్లె అల్లుడు, మాలపల్లె కోడలు

మా పెళ్ళి ప్రభుత్వం లెక్కలో కులాంతర వివాహం కాదు. 2013-14లో కేంద్ర ప్రభుత్వం అంబేడ్కర్ పేరు మీద కులాంతర వివాహాలకు రెండున్నర లక్షల ప్రోత్సాహక పథకం మొదలుపెట్టినప్పుడు ఒక నిర్వచనం రాసుకుంది. దంపతుల్లో ఒకరు షెడ్యూల్డు కులం వాళ్ళు, రెండోవాళ్ళు షెడ్యూల్డు కులం కానివాళ్ళు అయి ఉండాలి. నేను మాదిగ, నా సహచరుడు మాల. ఇద్దరం ఎస్సీలమే కాబట్టి ఆ లెక్కన మాది సొంతవాళ్ళలో పెళ్ళి. డబ్బు రాలేదని నా బాధ కాదు. మా అత్తగారు మా ఇంట్లో మంచినీళ్ళు తాగటానికి మూడేళ్ళు పట్టింది. కాగితం మీద కనపడని కులాంతరం ఆ మూడేళ్ళలో ఉంది. దాని గురించే రాద్దామని కూచున్నాను.

దాడుల గురించి, భూమి గురించి, రిజర్వేషన్ల గురించి మనం చాలా రాశాం. రాయాల్సిందే. కానీ ఒక దళిత జంట ఆదివారం పూట ఏం చేస్తారు, ఎవరింటికి చుట్టంచూపుగా పోతారు, పిల్ల పుట్టినరోజు ఎట్టా చేస్తారు అనేవి చర్చకి తగిన విషయాలు కావన్నట్టు వదిలేశాం. నిచ్చెనమెట్ల కులవ్యవస్థ అని సభల్లో అంటాం. ఆ మెట్లు మన పల్లెల మధ్య కూడా ఉన్నాయని అంటాం. అవి రోజువారీగా ఎక్కడ తగులుతాయో చూపించాలంటే మాత్రం చుట్టరికాల్లోకి, గిన్నెల్లోకి, పండగల్లోకి పోక తప్పదు.

ముందు తీరిక సంగతి. మా నాన్న పాలేరు. ఉగాది నుంచి ఉగాదికి కుదుర్చుకున్న జీతం. మా అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయేది. "నువ్వూ నాన్నా ఇద్దరే కలిసి ఊరికే ఎక్కడికైనా పొయ్యారా?" అని ఒకసారి అమ్మని అడిగాను. "కలుపుకి పొయ్యాం గదే" అంది. వెటకారం కాదు, నిజంగా గుర్తు చేసుకుని చెప్పింది. వాళ్ళిద్దరూ కలిసి ఉన్న ఫోటో మా ఇంట్లో ఒక్కటే ఉండేది, రేషను కార్డు మీది. అందులో మేం పిల్లలం కూడా ఉన్నాం. వాళ్ళ మొహాల వరకు స్టూడియోలో పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. అప్పటినుంచి అదే నాకు అలవాటయింది. మా పల్లెలోనూ ఆయన పల్లెలోనూ గోడలకి ఉన్న పాత జంటల ఫోటోలు చూడటం, ఎప్పుడు తీయించారో ఎందుకు తీయించారో అడగటం. సరదాగా తీయించుకున్నవి చాలా తక్కువ. లోనుకో, కార్డుకో, పింఛనుకో తీసినవే ఎక్కువ. మా ఆయన దీన్ని నీ రెండో పీహెచ్‌డీ అంటాడు.

ఆదివారం అనేది కూడా మాకు ఊరికే రాలేదు. మా ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషను పెట్టిన జాన్ క్లౌ 1866లో అక్కడికొచ్చాడు. ఆయన దగ్గరికి ముందుగా, ఎక్కువగా వచ్చింది మాదిగలే. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలిచ్చారు. కొత్తగా చేరిన వాళ్ళకి ఆయన పెట్టిన షరతులు ప్రధానంగా మూడు. విగ్రహాలకు మొక్కవద్దు, చచ్చిన గొడ్డు తినవద్దు, ఆదివారం పని చెయ్యవద్దు. మొదటి రెండిటి గురించి చరిత్రకారులు బాగా మాట్లాడతారు. నాకు మాత్రం మూడోది పెద్దగా కనపడుతుంది. కోతల కాలంలో మాదిగోడు ఆదివారం పనికి రానంటే ఊళ్ళో ఏమవుతుందో ఊహించుకోండి. జాతరలో డప్పు కొట్టమంటే కొట్టనన్నందుకు కూడా గొడవలైనాయి. వారానికి ఒక పూట తనదని మాదిగ చెప్పుకోవటం అప్పట్లో తిరుగుబాటే. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి ఒక పుస్తకమే రాసింది. దాని పేరులోనే చెప్పులు కుట్టే పని ఉంది.

గుంటూరు వైపు కథ వేరు. అక్కడికి లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లోనే వచ్చాడు. ఆ మిషనులోకి మాలలు ఎక్కువగా వచ్చారు. ఇట్లా ప్రాంతాన్ని బట్టి, మిషనుని బట్టి మాల గుడి, మాదిగ గుడి ఏర్పడ్డాయి. ఒకే క్రీస్తు, రెండు పల్లెలు. 1917లో బెజవాడ సభలో ఆది ఆంధ్రులనే ఉమ్మడి పేరు వచ్చినా, తర్వాత మాదిగలు అరుంధతీయులమని వేరే పేరు పెట్టుకున్నా, అడుగున ఉన్న సంగతి ఇదే. బావులు వేరు, పొత్తులు లేవు, పిల్లనిచ్చి పుచ్చుకోవటాలు లేవు.

నేను ఒంగోలు పక్క బాప్టిస్టు మాదిగపల్లె పిల్లని. ఆయన గుంటూరు జిల్లా లూథరన్ మాలపల్లె అబ్బాయి. యూనివర్సిటీ హాస్టల్లో అంబేడ్కర్ జయంతి కమిటీలో కలిశాం. 2017లో పెళ్ళి చేసుకున్నాం. గుడిలో చేసుకోలేదు. ఎందుకో కొత్త పాఠకులకు చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులస్తుడు హిందువై ఉండాలి. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీని బీసీ-సిలో వేస్తారు. అందుకే మన పల్లెల్లో ఆదివారం బైబిలు పట్టుకునే చెయ్యే సోమవారం హిందూ అని సంతకం పెడుతుంది. మేం 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు చేసుకున్నాం. నోటీసు ఆఫీసు గోడకి అంటిస్తారు, ముప్పై రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఆ ముప్పై రోజుల్లో మా రెండు పల్లెల నుంచి ఎవరూ కత్తులు తీసుకుని రాలేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ని చంపిన వార్త వచ్చినప్పుడు మేం అదృష్టవంతులమని స్నేహితులు అన్నారు. నిజమే. మాల మాదిగ పెళ్ళిలో సాధారణంగా ప్రాణం పోదు. రాకపోకలు పోతాయి.

ఈ రాకపోకలకి ఒక పద్ధతి ఉంది. బయటివాళ్ళకి కనపడదు. నేను కోడలిగా మొదటిసారి ఆ పల్లెకి పోయినప్పుడు నాకు పేపరు ప్లేటులో అన్నం పెట్టారు. "కొత్త కోడలివి, కడిగే పని పెట్టుకోవద్దమ్మా" అంది అత్తయ్య. ప్రేమగానే అంది. మిగతా అందరూ స్టీలు కంచాల్లో తిన్నారు. రెండోసారి పోయినప్పుడూ పేపరు ప్లేటే. అప్పటికి నేను కొత్త కోడల్ని కాదు. మూడోసారి ఏమీ మాట్లాడకుండా అరలోంచి స్టీలు కంచం నేనే తీసుకుని వడ్డించుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. తిన్నాక ఆ కంచాన్ని అత్తయ్య విడిగా బూడిదతో తోమింది. నేను చూశానని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని నాకూ తెలుసు.

ఆమె గుంటూరులో మా అద్దింటికి వచ్చినప్పుడు బస్టాండులో కొన్న నీళ్ళ సీసా తెచ్చుకునేది. "బీపీ మాత్రలకి ఈ నీళ్ళయితేనే పడతయ్యి." ఆ ఇల్లు దొరకటానికి మేం పన్నెండు ఇళ్ళు తిరిగాం. ప్రతిచోటా "మీరేమిట్లు?" అనే ప్రశ్నే. ఎస్సీలమని చెప్పి పన్నెండు ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళం పదమూడో ఇంట్లో నీళ్ళ సీసాతో ఎదురెదురుగా కూచునేవాళ్ళం. ఇంటి ఓనరుకి మా ఇద్దరి మధ్య తేడా తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ ఆయనకి లేదు.

మా ఇంటివైపు అంతా నిర్మలంగా ఉందని చెప్పటానికి ఇది రాయటం లేదు. ఆయన మొదటిసారి వస్తున్నాడని నాన్న ఒంగోలు పోయి కొత్త కంచం, గ్లాసు కొనుక్కొచ్చాడు. అల్లుడికి మర్యాద అనుకున్నాను. "మాలోళ్ళబ్బాయి మన కంచంలో తింటాడో తినడో" అని తర్వాత అమ్మ చెప్పింది. అవమానం రాకముందే దానికి ఏర్పాటు చేసి పెట్టుకోవటం మావాళ్ళకి అలవాటు. అదే అమ్మ, నేను ఒక రెల్లి స్నేహితురాలింట్లో టీ తాగొచ్చానని చెబితే, "రెల్లోళ్ళింట్లోనా?" అని మొహం చిట్లించింది. మున్సిపాలిటీలో చీపురు పట్టే వాళ్ళ మీద మా మెట్టు ఉంది మరి. మాలల గురించి రాసినంత ధైర్యంగా మనం, అంటే మాదిగ చదువరులం, దీన్ని రాయం.

పుట్టింటికి పోవటమంటే విశ్రాంతి అనుకుంటాం గానీ అక్కడ జరిగే వాదనలు సభల్లో కూడా జరగవు. 1856లో సావిత్రిబాయి ఫూలే జబ్బు చేసి పుట్టిల్లు నాయగావ్‌లో ఉన్నప్పుడు జోతిబాకి రాసిన ఉత్తరం ఇదే చెబుతుంది. మహర్లకూ మాంగులకూ పనిచేసి మీ మొగుడూ పెళ్ళాలు వంశాన్ని చెడగొట్టారని అన్న దెప్పిపొడిస్తే, ఆమె జబ్బు మంచం మీద నుంచే అతనితో వాదించింది. ఆ సంగతి భర్తకి రాసింది. ఆ ఉత్తరాన్ని మనం ఉద్యమ పత్రంగా చదువుతాం. అది ఒక భార్య భర్తకి రాసిన క్షేమసమాచారం కూడా. మహర్, మాంగు అనే రెండు పేర్లు పక్కపక్కనే వినపడితే మాకు మాల, మాదిగ అని వినపడుతుంది.

ఇక డప్పు. మా తాత కొట్టేవాడు, చావుకీ జాతరకీ దండోరాకీ. నాన్న మానేశాడు. గుడికి పోవటం ఒక కారణం, ఎవరి చావు కబురొచ్చినా అర్ధరాత్రి లేచి పోవాల్సిన వెట్టి ఇంకో కారణం. నా సహచరుడికి డప్పంటే పిచ్చి. కాలేజీ రోజుల్లో ఊరేగింపుల్లో విన్నాడు, నేర్చుకోవటానికి ఎవరూ దొరకలేదు. వాళ్ళ పల్లెలో మాలోడు డప్పు పట్టడం ఎవరూ చూసి ఎరగరు. పెళ్ళయిన రెండో ఏడు నాన్ననే అడిగాడు, నేర్పమని. నాన్న చాలాసేపు పలకలేదు. "మేం వొదిలించుకోటానికి ముప్పై ఏళ్ళు పట్టిన దాన్ని నువ్వు సరదాకి పట్టుకుంటావా అబ్బాయ్?" అన్నాడు.

ఈ మాట దగ్గర ఆగాలి. అంబేడ్కర్ చివరి ఏళ్ళలో వయొలిన్ నేర్చుకున్నాడని మనం ఇష్టంగా చెప్పుకుంటాం. వయొలిన్ ఆయన మీద ఎవరూ రుద్దిన పని కాదు, అందుకే అది హాయిగా అభిరుచి కాగలిగింది. డప్పు అట్లా కాదు. ఒకడికి వెట్టి అయినది ఇంకొకడికి సరదా అవుతుంటే, మధ్యలో లెక్క తేలాల్సింది ఒకటుంది. 1994 జూలై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైన తర్వాత డప్పు మాకు సిగ్గు కాదు, జెండా అయింది. ఇప్పుడు రాష్ట్రంలో డప్పు కళాకారులకు నెలనెలా పింఛను కూడా ఇస్తున్నారు. అయినా నాన్న తరానికి డప్పు మోత వింటే ముందు గుర్తొచ్చేది అర్ధరాత్రి కబురే.

ఆఖరికి నేర్పాడు. కొట్టటం కంటే ముందు చెయ్యటం నేర్పాడు. మేకతోలు నానబెట్టి బొచ్చు తీయటం, చెక్క చట్రానికి చింతగింజల బంకతో అంటించటం, నీడన ఆరబెట్టటం. "దీని కంపు తెలవకుండా దీని మోత తెలవగూడదు" అన్నాడు. ఆ కంపుకి మా ఆయన మొదటిరోజు అన్నం తినలేదు. తర్వాత కుడిచేతికి చిర్ర, ఎడమచేతికి చిటికెన పుల్ల ఇచ్చాడు. ఆరు నెలలకి ఏదో దరువు కుదిరింది. గుంటూరులో అద్దింట్లో కొట్టే వీలు లేదు. ఆదివారాలు మా ఊరు పోయినప్పుడే. అక్కడ వరిగడ్డి మంటకి డప్పు కాచుకుంటూ మామా అల్లుళ్ళు మాట్లాడుకోవటం చూస్తే, మా నాన్నకి ఆదివారం అంటూ ఒకటి వచ్చిందనిపించేది.

చిన్న పండగల సంగతి క్లుప్తంగా చెబుతాను. మా ఇద్దరి పుట్టినరోజులూ స్కూల్లో పంతుళ్ళు వేసినవే, ఇద్దరివీ జూన్‌లోనే వచ్చాయి. కాబట్టి ఒకే కేకు. ఏప్రిల్ 14న పాయసం. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. మా ఇంట్లో చిన్నప్పుడు కారంచేడు కథే చెప్పేవాళ్ళు, ఆయనింట్లో చుండూరు కథే. ఇప్పుడు రెండు రోజులూ కొవ్వొత్తి వెలిగిస్తాం. క్రిస్మస్‌కి 24 రాత్రి లూథరన్ గుడి, 26న మా పల్లె. 2021లో పాప పుట్టాక బాప్తిస్మం గొడవ వచ్చింది. లూథరన్లు పసిపిల్లలకి ఇస్తారు. బాప్టిస్టులు ఎదిగి విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్ళలో ముంచి ఇస్తారు. రెండు వైపులా వాక్యాలు చూపించారు. ఆ వాక్యాల కింద ఉన్నది పిల్ల ఏ పల్లెదన్న తగువే. మేం ఏదీ చెయ్యలేదు, మొదటి పుట్టినరోజుకి అందరినీ పిలిచి బిరియాని పెట్టాం. అత్తయ్య నీళ్ళు మా కుండలోవే తాగుతోంది అప్పటికి. కరోనాలో మా ఇంట్లో ఇరవై రోజులు ఇరుక్కుపోయినప్పుడు సీసాల నీళ్ళు దొరక్క మొదలైంది. హృదయ పరివర్తన అని రాయాలని ఉంది గానీ అబద్ధమవుతుంది.

2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి, ఆరుగురు ఒకవైపు ఒకరు ఒకవైపుగా, ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. 2004లో ఇదే కోర్టు కొట్టేసిన దానికి ఇరవై ఏళ్ళకు వచ్చిన జవాబు. నేను వర్గీకరణ పక్షం. మా పల్లెలో యూనివర్సిటీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లని నేనే. దీని వెనుక లెక్క ఉందని నాకు తెలుసు. నా సహచరుడు న్యాయమేనంటాడు, గొంతు మాత్రం తగ్గించి అంటాడు. ఆ ఆదివారం నాన్నకి కంటి ఆపరేషను అయిందని మా ఊరెళ్ళాం. పల్లెంతా డప్పులే. కుర్రాళ్ళు "బావా, నువ్వూ పట్టు" అన్నారు. ఆయన నావైపు చూశాడు. నేను వొద్దనలేదు, పట్టమనీ అనలేదు. మంటకి కాచి పట్టాడు. బాగా కొట్టాడు కూడా. ఎవరో వీడియో తీశారు.

అరగంటలో అది వాళ్ళ పల్లె చేరింది. రాత్రి బావగారు ఫోను చేశారు. "నీ ఇల్లు నువ్వే తగలబెట్టుకుని ఆ మంట మీద డప్పు కాచుకున్నావంటగా." ఆయన ఏమీ అనకుండా ఫోను పెట్టేశాడు. బస్సులో వస్తూ నాతో అన్నాడు: "తీర్పు కోసం కొట్టలా. బావా అని పిలిచారు కాబట్టి కొట్టా." అది చాలదు అన్నాను నేను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట అనకుండా ఉండాల్సిందా అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆయన తీర్పు కోసమే కొట్టి ఉంటే బాగుండునని నాకుంది. మా ఆనందానికి చుట్టమై వచ్చాడు, వాటాదారై రాలేదు. ఆయన వైపు నుంచి చూస్తే, తన అన్న కొడుకు సీటు తగ్గుతుందేమోనన్న భయం ఉన్న ఇంటి నుంచి వచ్చి ఆ మాత్రం చెయ్యి కదిపాడు. రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కి లూథరన్ గుడి వైపు నుంచి పిలుపు రాలేదు. ఉద్యమంలో మాల మాదిగ ఐక్యత గురించి వ్యాసాలు రాసే మిత్రులెవరూ మా ఇంటికొచ్చి ఆ క్రిస్మస్ ఎట్టా గడిచిందని అడగలేదు.

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పదిహేను శాతాన్ని మూడు గ్రూపులు చేసింది. రెల్లి, దాని ఉపకులాలకు ఒకటి, మాదిగ గ్రూపుకి ఆరున్నర, మాల గ్రూపుకి ఏడున్నర. ఇంతకుముందు సర్టిఫికెట్టు మీద ఉపకులం పేరు ఉన్నా, సీటు మాత్రం అందరికీ ఒకే పదిహేనులోంచి వచ్చేది. ఇప్పుడు మా పాప ఏ గ్రూపు? తండ్రి కులాన్నే సాధారణంగా రాస్తారు. అంటే మూడో గ్రూపు. మాదిగ కడుపున పుట్టి, మాదిగపల్లెలో తాత దగ్గర దరువు వింటూ పెరిగే పిల్ల మాల కోటాలో పోతుంది. వర్గీకరణ కావాలన్న దాన్ని నేనే కాబట్టి ఇందులో ఫిర్యాదు చేసే హక్కు నాకు ఎంతుందో తెలియదు. నా సహచరుడు మాత్రం తల్లి కులం రాయించే దారి ఉందేమో కనుక్కుందామంటున్నాడు. వాళ్ళ అన్నకి తెలిస్తే ఇంకో ఫోను వస్తుంది.

మొన్న పాప పుట్టినరోజుకి అత్తయ్య ఒక్కతే వచ్చింది, అరిసెలు పట్టుకుని. బావగారు రాలేదు. అమ్మ కూడా తునకలు తెచ్చింది, ఎండబెట్టినవి, గుడ్డసంచిలో. వంటింట్లో ఇద్దరూ గోంగూర ఒలుస్తూ కూచున్నారు, ఎక్కువేమీ మాట్లాడుకోలేదు. పాప వాళ్ళ నాన్న డప్పు లాక్కొచ్చి చిర్రతో దబదబా బాదటం మొదలుపెట్టింది. "ఆ మోతేంది, అది అటకెక్కించండి" అంది అత్తయ్య. అమ్మ చెయ్యి ఆగింది. కాసేపటికి అత్తయ్యే మళ్ళీ, "చిర్ర మొహాన తగులుద్ది పిల్లకి, చిన్న పుల్లియ్యండి" అంది. ఏ మాట ముందు మనసులోంచి వచ్చిందో నేను అడగలేదు. చిటికెన పుల్ల వెతికి ఇచ్చాను.